తగవు ముదిరాక వచ్చిన చట్టం



సంఘంలో తగవులు ఒక్కనాడు పుట్టవు. మన కురుపాం ఏజెన్సీలో వాటి వేరు భూమిలోనూ, షావుకారు పద్దులోనూ ఉండేది. జాతాపు, సవర రైతులు కరువు నెలల్లో తిండిగింజలకు అప్పు చేసేవారు. పంట, చింతపండు కొలిచి ఇచ్చినా వడ్డీ మిగిలేది. చివరకు భూమి షావుకారు చేతికి పోయి, రైతు అదే భూమిలో పాలికాపుగా మిగిలేవాడు.

చట్టం లేక కాదు. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల భూమి ఇతరులకు పోరాదని 1917లోనే మద్రాసు ప్రభుత్వం శాసించింది. 1956లో గిరిజన సహకార సంస్థ, 1959లో భూబదలాయింపు రెగ్యులేషన్ వచ్చాయి. కాని ఆ రక్షణ గూడెం దాకా నడవలేదు.

1967 అక్టోబరు 31న మొండెంఖల్ గిరిజన మహాసభకు వెళ్తున్నవారిపై లేవిడి వద్ద భూస్వాముల పక్షం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న మరణించారు. కోర్టులో కేసు నిలవలేదు. న్యాయం దొరకదన్న నిరాశతో ఉద్యమం ఆయుధం పట్టింది. దానికి నాయకులైన ఉపాధ్యాయులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం 1970 జూలైలో పోలీసు కాల్పుల్లో మరణించారు.

ప్రభుత్వం పోలీసులను పంపడంతో ఆగలేదు. 1970లో 1వ నంబరు రెగ్యులేషన్‌తో షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులు తమలో తాము కూడా భూమి అమ్ముకోరాదంది. గిరిజనేతరుని చేతిలోని భూమి గిరిజనుని నుండి వచ్చిందనే భావించాలి. కాదని రుజువు చేయవలసింది అనుభవదారే. 1988లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించింది.

రెవెన్యూ గుమాస్తాగా ఇలాంటి కేసుల ఫైళ్లు నేను రాశాను. వేలిముద్ర తప్ప కాగితమెరుగని మనిషికి రుజువు భారం తప్పడం ఎంత గొప్ప మేలో ఆ ఫైళ్లలో కనిపించేది. అయితే ఉత్తర్వు ఒకటి, భూమి స్వాధీనం మరొకటి. అప్పీళ్లు, స్టేలతో ఏళ్లు గడిచేవి. కష్టార్జితంతో రెండెకరాలు కొనుక్కున్న పేద గిరిజనేతరుడూ నలిగిపోయేవాడు. అతని గోడు కూడా వినవలసిందే.

తరువాత పార్వతీపురంలో ఐ.టి.డి.ఎ., 2006లో అటవీ హక్కుల చట్టం, 2022లో మన్యం జిల్లా వచ్చాయి. ఆఫీసు దగ్గరైంది. కాని అర్జీకి వేళకు జవాబు రాకపోతే దూరం తగ్గనట్టే.

మిత్రులారా! నోటీసు చదివి చెప్పడం, అర్జీ రాసిపెట్టడం మనకు చేతనైన పని. గడువు దాటకముందే ఆ సాయం చేద్దాం. మన పిల్లలకూ నేర్పుదాం.