నలత పిల్లలకూ బడి కావాలి: మన్యం నేర్పే చరిత్ర



ఆశ్రమ పాఠశాల అనగానే మనకు చదువు, అన్నం, యూనిఫాం గుర్తొస్తాయి. తరచూ జబ్బుపడే పిల్లల కోసమే ప్రత్యేకంగా బడులు పెట్టిన కాలం కూడా ఒకటుంది. ఆ చరిత్రతో మన భద్రాచలం మన్యానికి పనేమిటో చెప్పుకుందాం.

అడవిలో బడి

1904లో జర్మనీలోని బెర్లిన్ పక్కన ఉన్న షార్లొటెన్‌బర్గ్ పట్టణం వారు పైన్ చెట్ల అడవిలో ఒక బడి తెరిచారు. రక్తహీనతతో ఉన్నవారు, క్షయ సోకుతుందని భయపడే బలహీనమైన పిల్లలు అందులో చేరారు. పాఠాల గంటలు తగ్గించి, తిండి పెంచి, మధ్యాహ్నం పిల్లలను తప్పనిసరిగా పడుకోబెట్టేవారు. 1907లో లండన్‌లోనూ అలాంటి బడి వచ్చింది. తర్వాత కొన్నిచోట్ల పిల్లలు అక్కడే ఉండి చదివే బడులూ వెలిశాయి. మన తెలుగునాట 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం మొదలైంది. అప్పటికి మంచి గాలి, తిండి, విశ్రాంతే ప్రధాన వైద్యం. క్షయకు మందులు దొరికాక అలాంటి బడుల అవసరం తగ్గిపోయింది. కానీ వాటి పాఠం మిగిలింది. ఒళ్లు బాగయ్యేదాకా పిల్లను ఆపకూడదు, పిల్ల ఒంటికి తగ్గట్టు బడే మారాలి.

మన్యం జ్వరం

భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిశాయి. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాకు వచ్చాయి. పాలన ఎవరిదైనా మన్యం జ్వరం పేరు చెబితే పల్లపు ప్రాంతం నుంచి వచ్చే ఉద్యోగులు వణికేవారు. మలేరియా దోమల ద్వారా వస్తుందనడానికి ఆధారం 1897లో సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్‌కు దొరికింది.

మలేరియా మధ్య తరతరాలుగా బతికిన జనాల్లో సికిల్ సెల్ లక్షణం ఎక్కువగా నిలిచింది. అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే అది వస్తే ఆ మనిషి వాహకుడు. ప్రాణం తీసే మలేరియా నుంచి వాహకులకు కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో చూపించారు. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం జబ్బు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని నాళాల్లో అడ్డుపడతాయి, భరించలేని నొప్పి వస్తుంది. ఇది చేతబడీ కాదు, వేల్పుల కోపమూ కాదు. మన పూర్వీకులు జ్వరంతో చేసిన పోరాటం మన రక్తంలో వదిలిన గుర్తు.

మన హాస్టళ్లు

1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం మొదలైంది. 1974తో మొదలైన ఐదవ పంచవర్ష ప్రణాళికలో ఐటీడీఏలు వచ్చాయి. ఆశ్రమ పాఠశాలలు వాగు దాటలేని గూడేల పిల్లలకు చదువును దగ్గర చేశాయి. అయితే వాటి దినచర్య గట్టి పిల్లలకు సరిపోయేది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఎండలో ప్రార్థన, సాయంత్రం పరుగులు. సికిల్ సెల్ ఉన్న పిల్లకు చలి, దాహం, అలసట, జ్వరం ఒక్కోటీ నొప్పిని పిలుచుకొస్తాయి.

అందుకే అలాంటి పిల్లకు చలికాలం వేడినీళ్లు, క్లాసులో నీళ్ల సీసా, అడిగినప్పుడల్లా బాత్రూమ్‌కి అనుమతి, డాక్టర్ రాసిన మాత్రలు వేళకు అందాలంటాం మేం వార్డెన్లం. జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. “బాగయ్యాక పంపండి” అని ఇంటికి పంపితే మిర్చి కోతలు వస్తాయి, పాఠాలు వెనకబడతాయి, సిగ్గు పెరుగుతుంది. అలా వెళ్లినవారిలో కొందరు తిరిగి రారు. మన బాధ అదే.

మీ వంతు

2016 దివ్యాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్‌ను కూడా గుర్తించింది. 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని 2023 జులై 1న జాతీయ మిషన్ మొదలైంది. పరీక్ష చేయించుకోండి, కార్డు భద్రపరచుకోండి. పెళ్లి మాటలప్పుడు సిగ్గుపడకుండా చూపించుకోండి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. వాహకుడని ఎవరినీ తక్కువ చేయకండి.

ఇంకొక్క మాట. నొప్పితో వారం రోజులు బడి మానిన స్నేహితురాలు ఉంటే, ఆ వారం నోట్సు రాసిపెట్టండి. ఆమె తిరిగి రావడానికి అదీ ఒక దారే.