స్వరాజ్ ద్వీప్
అండమాన్‌లోని ఈ దీవి పేరు 2018 దాకా హేవ్‌లాక్. శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) నుంచి ఓడలో సుమారు రెండు గంటల ప్రయాణం. పడమటి తీరాన ఉన్న రాధానగర్ బీచ్‌లో తెల్లని మెత్తటి ఇసుక వెనుకే ఎత్తైన అడవి మొదలవుతుంది. సూర్యాస్తమయం చూడాలంటే ఇక్కడికే రావాలి. తూర్పు తీరంలో ఆటుకు నీరు చాలా దూరం వెనక్కి తగ్గుతుంది. రాళ్ల మధ్య నిలిచిన మడుగుల్లో పీతలు, చిన్న చేపలు కదులుతూ కనిపిస్తాయి. ఎలిఫెంట్ బీచ్‌కు పడవలోగాని, అడవి దారిన నడిచిగాని చేరవచ్చు. అక్కడ ముఖానికి అద్దం, నోట గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ పగడపు దిబ్బలను చూడటం ఈత రానివారికీ, లైఫ్ జాకెట్‌తో, సాధ్యమే. పగడం రాయి కాదు, ప్రాణి. ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరిగే రకాలున్నాయి. కాలు మోపితే విరుగుతుంది. పగడపు ముక్కలు ఏరుకుపోవడం నేరం.