పనికి తగిన పనిముట్టు

అయిదుగురు కలిసి పనిచేసే సంస్థలో ఎవరి పని ఎంతవరకు వచ్చినదో తెలుసుకొనుటకు కాగితం కూడ అక్కరలేదు. ఒకరినొకరు అడిగి తెలుసుకొంటారు. అయిదుగురిలో ఇద్దరిద్దరుగా ఏర్పడగల జతలు 10 మాత్రమే. సంస్థ పెరిగి పదిమంది అయితే జతలు 45. ఇరవైమంది అయితే 190. మనుషులు నాలుగు రెట్లు పెరిగేసరికి మాట అందవలసిన దారులు 19 రెట్లయినవి. ఒకరి పని ఆగిపోయిన సంగతి మరొకరికి తెలియక, సరకు వచ్చినా మనుషులు లేక, మనుషులున్నా సరకు లేక గడువులు దాటిపోవడం ఈ దశలోనే మొదలవుతుంది. అప్పుడు యజమాని పనుల నిర్వహణకు ఉపకరించే సాఫ్ట్‌వేర్ కొరకు వెదకుతాడు. నేడు అటువంటివి ఎన్నో ఉన్నవి. దేనిని ఎన్నుకోవాలి? ఈ ప్రశ్నకు సమాధానం ధరల పట్టికలో కంటె ఆ సాధనాల చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. ఎందుకనగా వాటిలో ఉన్న పద్ధతులు ఒక్కొక్కటి ఒక్కొక్క రకమైన పని కొరకు పుట్టినవి.

గీతల పటం

పోలండు ఇంజనీరు కారోల్ అదమియెత్స్కీ 1896లో కర్మాగారపు పనుల క్రమాన్ని చూపే ఒక పటాన్ని తయారుచేసినాడు. ఆయన రచనలు పోలిష్, రష్యన్ భాషలలో ఉండుటచేత ఇంగ్లీషు చదివే దేశాలవారికి అవి చాలకాలం తెలియలేదు. అమెరికాలో హెన్రీ గాంట్ (1861–1919) స్వతంత్రంగా ఇటువంటి పటాన్నే ప్రచారంలోకి తెచ్చినాడు. పటంలో పైన తేదీలు, ప్రక్కన పనులు ఉంటవి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క అడ్డగీత. గీత పొడుగే ఆ పనికి పట్టే కాలం. అనుకొన్నదెంతో, అయినదెంతో ఒక్క చూపులో తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో ఆయుధాల తయారీకి, ఓడల నిర్మాణానికి ఈ పటాన్ని వాడినారు.

అయితే ఇందులో ఒక లోపమున్నది. ఏ పని ఆలస్యమైనదో పటం చెబుతుంది గాని, ఆ ఆలస్యం ఇంకే పనులను ఆపుతుందో తొలినాటి గాంట్ పటం చెప్పలేదు.

కీలక మార్గం

ఈ లోపాన్ని పూరించే ప్రయత్నం 1956–57లో జరిగినది. అమెరికాలోని డ్యూపాంట్ రసాయన సంస్థకు చెందిన మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ సంస్థకు చెందిన జేమ్స్ కెల్లీ కలిసి ఒక గణిత పద్ధతిని రూపొందించినారు. లెక్కలకు యూనివాక్ కంప్యూటర్‌ను వాడినారు. ఈ పద్ధతికి 'కీలక మార్గ పద్ధతి' అని పేరు.

దీనిని ఒక ఇంటి నిర్మాణంతో అర్థం చేసుకొనవచ్చును. పునాదికి 10 రోజులు, గోడలకు 20, పైకప్పుకు 8 రోజులు పడుతవనుకొందాం. ఇవి ఒకదాని తరువాత ఒకటి జరుగవలసినవి. మొత్తం 38 రోజులు. ఇంతలో వడ్రంగి తన పాకలో తలుపులు చేస్తుంటాడు. అందుకు 25 రోజులు. పైకప్పు పూర్తియై, తలుపులు సిద్ధమైన తరువాత వాటిని బిగించుటకు 3 రోజులు. ఇల్లు 41 రోజులకు పూర్తవుతుంది. వడ్రంగి 13 రోజులు ఆలస్యంగా మొదలుపెట్టినా నష్టం లేదు. అది అతనికున్న వెసులుబాటు. తాపీపనిలో ఒక్కరోజు ఆలస్యమైతే మాత్రం ఇల్లంతా ఒక్కరోజు ఆలస్యమవుతుంది. వెసులుబాటు ఏమాత్రం లేని ఈ పనుల వరుసే కీలక మార్గం. త్వరపడవలసివస్తే ఈ మార్గంలోని పనులకే అదనపు కూలీలను పెట్టాలి. వడ్రంగిని తొందరపెట్టి ప్రయోజనం లేదు.

డ్యూపాంట్‌వారు ఈ పద్ధతిని లూయివిల్ కర్మాగారంలో పరీక్షించినారు. అక్కడి రసాయనాలు ప్రేలుడు స్వభావం కలవి గనుక, కర్మాగారం నడుస్తుండగా మరమ్మతులు సాధ్యం కావు. మరమ్మతుకై సగటున 125 గంటలు పని నిలిపివేయవలసివచ్చేది. పనుల వరుసను విశ్లేషించిన తరువాత అది 93 గంటలకు తగ్గినది. ఈ ఫలితాన్ని కెల్లీ, వాకర్‌లు 1959లో ప్రకటించినారు.

ఆనాటి కంప్యూటర్ చాల ఖరీదైనది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన జాన్ ఫాండాల్ 1961లో, గృహ నిర్మాణాది పనులకు కంప్యూటర్ లేకుండానే ఈ లెక్కలను చేతితో కట్టే సులభమైన పద్ధతిని వివరిస్తూ ఒక నివేదిక వెలువరించినాడు. ఆయన గీసిన పటంలో ప్రతి పనికి ఒక వృత్తం. వృత్తంనుండి వృత్తానికి గీత. నేటి సాఫ్ట్‌వేర్‌లో కనిపించే పటాలు ఎక్కువగా ఈ రీతివే. ముఖ్యమైనది యంత్రం కాదు, పనుల మధ్యనున్న సంబంధాన్ని గుర్తించుట అని ఆ నివేదిక ఋజువు చేసినది.

తెలియని గడువులు

ఇల్లు కట్టేవానికి గోడ ఎన్ని రోజుల పనియో అనుభవంవల్ల తెలుసు. ఇంతవరకు ఎవ్వరూ చేయని వస్తువును తయారుచేసేవానికి ఆ సంగతి తెలియదు. జలాంతర్గామి నుండి ప్రయోగించే పొలారిస్ క్షిపణిని నిర్మిస్తూ అమెరికా నౌకాదళం 1958లో ఈ చిక్కు కొరకే 'పెర్ట్' అనే పద్ధతిని రూపొందించినది. ఇందులో ప్రతి పనికి మూడు అంచనాలుంటవి: అన్నీ కలిసివస్తే పట్టే కాలం, సాధారణంగా పట్టే కాలం, అన్నీ ఎదురుతిరిగితే పట్టే కాలం. మధ్య అంచనాను నాలుగుతో గుణించి, మిగిలిన రెండింటిని కలిపి, ఆరుతో భాగించాలి. అంచనాలు 4, 6, 14 వారాలయితే, 4 + 24 + 14 = 42; ఆరుతో భాగిస్తే 7 వారాలు.

1960 జులై 20న సముద్రగర్భంలోని జలాంతర్గామి నుండి పొలారిస్‌ను విజయవంతంగా ప్రయోగించినారు. పెర్ట్ కీర్తి నలుదెసల వ్యాపించినది. 1962లో అమెరికా రక్షణశాఖ, నాసా కలిసి దానికి ఖర్చుల లెక్కను చేర్చి మార్గదర్శిని ప్రచురించినవి. కాని హార్వీ సపోల్‌స్కీ అనే పరిశోధకుడు పొలారిస్ చరిత్రను పరిశీలించి 1972లో ప్రచురించిన గ్రంథం వేరొక సంగతిని బయటపెట్టినది. పథకాన్ని నడపడంలో పెర్ట్ పాత్ర స్వల్పమే. పథకం ఎంతో సమర్థంగా సాగుతున్నదన్న అభిప్రాయాన్ని కలిగించి, బయటివారి జోక్యాన్ని దూరంగా ఉంచుటకే అది ఎక్కువగా ఉపకరించినది. అంతకుమునుపే ఎన్నో సంస్థలు ఆ పటాలను చూచి పద్ధతిని స్వీకరించినవి. గోడమీద పటం ఉన్నంతమాత్రాన పని దాని ప్రకారం జరుగుతున్నదని కాదు.

చీటీల పద్ధతి

జపానులో టయోటా మోటారు సంస్థ ఇంజనీరు తైయిచి ఓనో మరొక సమస్యను ఎదుర్కొన్నాడు. అక్కడి పని ఒక్కసారి ముగిసే నిర్మాణం కాదు. నిత్యం సాగే ప్రవాహం. తరువాతి విభాగం అడిగినప్పుడే, అడిగినంతే ముందరి విభాగం తయారుచేయాలని ఆయన నియమం. ఆ అడుగుటకు వాడిన చీటీయే 'కాన్‌బాన్'. 1953 ప్రాంతంలో యంత్ర విభాగంలో దీనిని అమలుపెట్టినారు. ఎక్కడ చీటీలు పేరుకొన్నవో అక్కడ పని నిలిచిపోయినదని వెంటనే తెలుస్తుంది.

ఎన్నుకొనే విధానం

1980 తరువాత కంప్యూటర్లు బల్లమీదికి వచ్చినవి. 1983లో ప్రిమవేరా సంస్థ ఏర్పడినది. 1984లో మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టు వెలువడినది. ఇవి ముఖ్యంగా గాంట్ పటాన్ని, కీలక మార్గాన్ని ఆధారం చేసుకొన్నవి. 2011లో వచ్చిన ట్రెల్లో తెరమీద చీటీలను జరిపే పద్ధతిని అనుసరించినది.

కాబట్టి పెరుగుతున్న సంస్థ యజమాని మొదట పరిశీలించవలసినది సాఫ్ట్‌వేర్‌ను కాదు, తన పనిని. కట్టడాలవలె ఒకదానిపై ఒకటి ఆధారపడే పనులయితే కీలక మార్గాన్ని లెక్కకట్టే సాధనం కావాలి. మరమ్మతు దుకాణంవలె రోజూ వచ్చిపడే పనులయితే చీటీల పద్ధతి చాలును. గడువులు ముందుగా తెలియని కొత్త పనులయితే ఒక్క తేదీని వ్రాయించుకొని దానినే నమ్మడం ప్రమాదం. ఇవన్నీ చూచిన తరువాత కూడ ఒక ప్రశ్న మిగులుతుంది: జరిగినదానిని జరిగినట్లు ప్రతిరోజూ అందులో ఎవరు నమోదు చేస్తారు? ఆలస్యమైనదని వ్రాసినవానికి చీవాట్లు పడే చోట, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా అబద్ధపు పటాన్నే చూపుతుంది.

పాఠశాలలో విజ్ఞాన ప్రదర్శన ఏర్పాటు చేసేటప్పుడు విద్యార్థులు ఈ సంగతిని స్వయంగా పరీక్షించవచ్చును. చేయవలసిన పనులను, వాటికి పట్టే రోజులను, ఏది ముగిస్తే ఏది మొదలవుతుందో కాగితంమీద వ్రాసి, వెసులుబాటు లేని వరుసను గుర్తించాలి. ప్రదర్శన ముగిసిన తరువాత, అనుకొన్న రోజుల ప్రక్కన నిజంగా పట్టిన రోజులను వ్రాసి చూడాలి. ఆ రెండింటికి గల తేడాయే ఈసారి పటాన్ని మరింత సరిగా గీయుటకు ఆధారం.