పారేసింది అమ్మేనా?

అమెరికాలో చిన్నప్పటి బేస్‌బాల్ కార్డులు పోయాయంటే నింద అమ్మ మీదకే. 1952 నాటి మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికింది, కడుపుమంట ఉండదా మరి! కానీ అమ్ముడుపోని ఆ ఏటి కార్డుల్ని 1960లో పెట్టెలకొద్దీ సముద్రంలో పడేయించానని టాప్స్ కంపెనీ ఉద్యోగి సై బర్గరే చెప్పారు. చూశారా!

కార్డులు సరే, వందేళ్ళ కిందటి బడి నోటుబుక్కుల సంగతేంటి? అట్ట మీద టై కాబ్ లాంటి ఆటగాడి బొమ్మ ఉండేది. కార్డు దాచుకోవడానికి, పుస్తకం రాసి పారేయడానికి. అందుకే అవి అరుదు. ఉన్న ఆ కాసినీ ఏ ఇల్లాలో అటకెక్కించబట్టే మిగిలుంటాయి. రాయని పుస్తకానికే ధర ఎక్కువ. నాకైతే లోపల తప్పుల కూడికలున్నదే కావాలి.