సంకేతపదమునకు కావలి

నేడు నేను మనవి చేయబూనిన విషయము పేరునకు క్రొత్తది. ఒకని ఖాతాలో ప్రవేశింపగోరు పరుడు రహస్యపదము నెఱుగక, తోచిన మాట నొకదాని తరువాత నొకటి చెప్పి చూచుచుండును. వాని నాపుటకు గడచిన అరువదియేండ్లకు పైగా జరిగిన యత్నముల చరిత్రను చెప్పెదను. మన పింఛనులు, బ్యాంకు ఖాతాలు, పొలముల పట్టాలు సైతము కంప్యూటర్లలోనికి చేరిన కాలమున ఇది పట్టణవాసుల గొడవ యని త్రోసిపుచ్చరాదు.

మీలో పెక్కుమంది యొద్ద సెల్‌ఫోను కలదు. దానిలోని సిమ్ కార్డునకు నాలుగంకెల రహస్యసంఖ్య పెట్టుకొనినచో, దానిని వరుసగా మూడుమారులు తప్పుగా నొక్కినంతనే కార్డు పనిచేయుట మానును. అప్పుడు పక్ అనెడి ఎనిమిదంకెల సంఖ్య కావలెను. దానినిగూడ పదిమారులు తప్పినచో ఆ కార్డిక పనికిరాదు. ఇంత కాఠిన్యమేల? నాలుగంకెలతో నేర్పడు సంఖ్యలు 10,000 మాత్రమే. సెకండున కొకటి చొప్పున ప్రయత్నించువానికి మూడుగంటలలోపుననే అన్నియు తీరిపోవును. మూడింటితో ఆపినచో వానికి దక్కు అవకాశము పదివేలలో మూడు.

ఛందస్సు చదివినవారి కీ లెక్క వింత గాదు. గురులఘువులతో ప్రస్తారము వేసినచో ఆరక్షరముల పాదమునకు 64 వృత్తములు, ఇరువదియక్షరముల పాదమునకు 10,48,576 వృత్తములు ఏర్పడును. మన ఉత్పలమాల ఆ పదిలక్షల పైచిలుకులో నొకటి. రహస్యపదము పొడవైనకొలది వెదకువాని శ్రమయు ఇట్లే పెరుగును. ఆంగ్లమునందలి చిన్న యక్షరములు 26. వానితో నేర్పడు ఆరక్షరముల పదములు 30,89,15,776. సెకండున కొకటి చొప్పున అన్నిటిని పరీక్షించుటకు తొమ్మిదేండ్ల తొమ్మిదినెలలు పట్టును. నిమిషమున కొకటి చొప్పున నైనచో 587 ఏండ్లు! పదము మారకున్నను, ద్వారపాలకుడు నిదానించినంతమాత్రమున ఇంత భేదము కలిగినది. 1985లో అమెరికా రక్షణశాఖవారు ప్రకటించిన మార్గదర్శిని ఈ నిదానమునే ఉపదేశించినది. సరియైన పదము చెప్పినవానిని నిలుపవలసిన పని లేదు. తప్పినవానిని మాత్రము నిలుపవలెను.

లెక్క సొగసైనదే గాని, మనుష్యస్వభావము దానిని చెఱచినది. 1961లో అమెరికాయందు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బటో నాయకత్వమున, పలువురు ఒకే కంప్యూటరును పంచుకొనుటకు వీలైన ఏర్పాటు వెలసినది. ఎవరి వ్రాతలు వారికి దక్కుటకై అందు సంకేతపదములు నెలకొల్పిరి. మఱుసటి యేడే ఒక పరిశోధకుడు తనకు కేటాయించిన కాలము చాలక, పదములన్నియు నున్న పట్టికను అచ్చొత్తించుకొనెను. పెట్టెకు తాళము వేసి తాళపుచెవుల గుత్తిని అరుగుమీద నుంచినట్లయ్యెను.

1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు జనులు పెట్టుకొనిన 3,289 పదములను పరిశీలించిరి. ఒక్క యక్షరము మాత్రమే గలవి 15, రెండక్షరములవి 72, మూడక్షరములవి 464. మరికొన్ని నిఘంటువులలోని మాటలు, మనుష్యుల పేర్లు. మొత్తముమీద 2,831, అనగా నూటికి 86, సులభముగా పట్టువడునవే! కావున వా రొక ఉపాయము చెప్పిరి. పదమును ఉన్నదున్నట్లు వ్రాసియుంచక, తిరిగి విప్పరాని రూపమునకు 25 ఆవృత్తులు మార్చి వ్రాయుట. అందొక చిన్న సంఖ్యను కలుపుట. ఆ సంఖ్యకు ఆంగ్లమున ఉప్పు అనియే పేరు. ఒకే పదమును ఇరువురు పెట్టుకొనినను, ఉప్పు వేఱైనచో వ్రాతలో వేఱువేఱుగా కనబడును. దొంగ తన యూహను ఒక్కొక్కరి కొఱకు మరల వండుకొనవలసినదే.

ఇక విధివైచిత్రి వినుడు. ఆ మోరిస్ గారి కుమారుడే, కోర్నెల్ విశ్వవిద్యాలయమున చదువుచు, 1988 నవంబరు 2న కంప్యూటర్ల నడుమ తనంతట తాను ప్రాకెడి కార్యక్రమము నొకదానిని విడిచెను. అది సుమారు 6,000 యంత్రములకు సోకెనని నాటి అంచనా. వ్యాపించుటకు దానికి వేఱు దారులును గలవు గాని, మన ప్రకృతమునకు సంబంధించినది పదముల నూహించుటయే. ఖాతాదారుని పేరు, దాని తలక్రిందు రూపము, 432 మాటల పట్టిక, పిదప నిఘంటువు వరుసగా ప్రయోగించెడిది. అయితే ద్వారమువద్ద కాదు. మార్చి వ్రాసిన పట్టిక నాడు ఎల్లరకు చదువ వీలై యుండెను గాన, దానితోనే తన యూహలను పోల్చుకొనెడిది. ద్వారపాలకుడు ఎంత నిదానించిననేమి? ఇట్టి యనుభవముల మీదట పట్టికను వేఱుచోట మఱుగుపఱచు ఆచారము బలపడినది. ఆ యువకునకు 1990లో మూడేండ్ల పర్యవేక్షణ, 400 గంటల సంఘసేవ, జరిమానా శిక్షలుగా విధింపబడెను.

2016లో మిరాయ్ అను మఱొకటి బయలుదేరినది. గోడలకు తగిలించు కెమెరాలు మొదలగువానికి కర్మాగారమువారు పెట్టిన పేర్లు, పదములు సుమారు 60 జతలు దానియొద్ద నుండెను. ఒక్కొక్క వాకిట కొన్ని మాత్రమే పలికి, లక్షలకొలది వాకిళ్లు తట్టినది. కొనినవారు కర్మాగారపు పదమును మార్చుకొననందున అవియే చాలినవి. ఇప్పుడు మన పల్లెలలోను కొట్లకు, గోదాములకు కెమెరాలు వచ్చియున్నవి. వాని పదమును మార్చితిరా యని అమర్చినవానిని అడుగుడు.

మూడు తప్పులకు ఖాతాను మూసివేయు పద్ధతిలో నాకు తోచు లోప మొకటి కలదు. పగవాడు దొంగిలింప నక్కఱలేదు. కావలెనని మూడుమారులు తప్పుమాట చెప్పిన చాలును, యజమానియే వెలుపల నిలిచిపోవును. పింఛను తీయవలసిన దినమున ఇట్లు జరిగినచో ముదుసలి పడు పాటు దొంగతనమునకు తీసిపోదు. 2017లో అమెరికా ప్రమాణసంస్థవారు ఒక ఖాతాపై వరుస తప్పులకు పరిమితి 100 దాటరాదనిరి. దానితోబాటు, పరిమితి సమీపించినకొలది నిరీక్షణను 30 సెకండ్లనుండి గంటవఱకు పెంచుట, యజమాని మునుపు సవ్యముగా ప్రవేశించిన చోటినుండి వచ్చినవారిని మాత్రమే అనుమతించుట వంటి మార్గములును సూచించిరి.