గాయపడిన కార్మికుడు వేరే కారణంతో చనిపోతే.. పరిహారం కుటుంబానికి వస్తుందా?

భూపాలపల్లి బొగ్గు గనుల్లో, మహబూబాబాద్ గ్రానైట్ క్వారీల్లో, జనగామ రైస్ మిల్లుల్లో పని చేస్తూ గాయపడిన మనిషి, పరిహారం చేతికి రాకముందే గుండెపోటుతోనో జ్వరంతోనో చనిపోతే? ‘ఆయనే లేడు, ఇంకేం పరిహారం’ అనే మాట విని చాలామంది వెనుదిరుగుతారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు.

ఏది రాదు? ఏది అడగొచ్చు?

ఉద్యోగుల పరిహార చట్టం-1923 ప్రకారం మరణ పరిహారం రావాలంటే, పనిలో తగిలిన గాయమే చావుకు కారణమై ఉండాలి. వేరే జబ్బుతో పోతే అది రాదు. అయితే గాయానికి రావాల్సిన పరిహారం వేరు. అది ప్రమాదం జరిగిన రోజే చెల్లించాల్సిన బాకీ అవుతుందని సుప్రీంకోర్టు 1975లో, చేయి కోల్పోయిన ఒక వడ్రంగి కేసులో చెప్పింది. ఆ బాకీని వారసులుగా మీరు అడగొచ్చు.

ఉదాహరణకు..

నెల జీతం రూ.15 వేలు, వయసు 40 ఏళ్లు ఉన్న కార్మికుడి బొటనవేలు తెగిందనుకుందాం. చట్టం లెక్కలో అది 30 శాతం సంపాదన నష్టం. జీతంలో 60 శాతం అంటే రూ.9,000. దాన్ని 40 ఏళ్ల వయసుకు చట్టం ఇచ్చిన 184.17తో గుణించి, అందులో 30 శాతం తీస్తే రూ.4,97,259. గాయం వల్లే చనిపోయి ఉంటే కుటుంబానికి రూ.13,81,275 వచ్చేది.

తాత్కాలిక గాయానికి పదిహేను రోజులకోసారి ఇచ్చే భృతి మాత్రం మరణంతో ఆగిపోతుంది. అప్పటివరకు ఉన్న బకాయి అడగండి.

అడ్డంకి ఎక్కడ?

పరిహారం కార్మికుడికి తప్ప మరొకరికి చట్టరీత్యా సంక్రమించదని సెక్షన్ 9 అంటుంది. యజమాని, బీమా కంపెనీ దీన్నే చూపి అడ్డుకోవచ్చు. తేల్చేది కార్మిక శాఖలోని పరిహార కమిషనర్. ఆపైన హైకోర్టులో అప్పీలు ఉంటుంది.

ఈఎస్‌ఐ ఉంటే?

అప్పుడు ఈ చట్టం కింద కాదు, ఈఎస్‌ఐలోనే అడగాలి. అక్కడ చిక్కు తక్కువ. చనిపోయిన రోజు వరకు రావాల్సిన నగదు నామినీకి, లేదంటే వారసులకు ఇవ్వాలని సెక్షన్ 71 స్పష్టంగా చెబుతోంది.

మీరు చేయాల్సినవి

- మనిషి బతికుండగానే వైకల్యం శాతంపై డాక్టర్ సర్టిఫికెట్ తీసుకోండి. డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు దాచండి.
- చావుకు గాయంతో సంబంధం ఉందేమోనని అనుమానం ఉంటే పోస్టుమార్టం వద్దనకండి.
- కేసు నడుస్తుంటే వారసులను చేర్చుకోవాలని వెంటనే దరఖాస్తు పెట్టండి. మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి.
- కేసు వేయకపోతే ప్రమాదం జరిగిన రెండేళ్లలోపే వేయండి.
- హక్కు వదులుకుంటున్నట్లు కాగితం రాయించుకున్నా సెక్షన్ 17 ప్రకారం అది చెల్లదు.
- కాంట్రాక్టు కార్మికుడైతే అసలు యజమానిపైనా కేసు వేయొచ్చు.
- మహిళలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది.

గమనిక: 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. పైన చెప్పిన సెక్షన్లు, లెక్కలు పాత చట్టాలవి. ఆ తేదీ తర్వాత జరిగిన ప్రమాదమైతే దరఖాస్తు ఏ సెక్షన్ కింద వేయాలో ముందే లాయర్‌ను అడగండి.