గోదావరి డెల్టా బ్రదరన్ సంఘాలు: రొట్టె, పాత్ర, పంక్తి

కోనసీమ బ్రదరన్ సంఘాల చరిత్ర చాలామేరకు మిషనరీల చరిత్రగానే నమోదైంది. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో ఇంగ్లండు నుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ గోదావరి డెల్టాలో నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పనిచేశారు. నరసాపురానికి ఎదురుగా, వశిష్ఠ ఆవలి ఒడ్డున సఖినేటిపల్లి. అక్కడి నుండి రాజోలు ప్రాంతం. అయితే ఈ సంఘాల స్వభావం తెలియాలంటే, వచ్చినవారికంటె వారికి అన్నం పెట్టిన ఇళ్ళను పరిశీలించడం మేలు.

బ్రదరన్ సంప్రదాయంలో అభిషేకం పొందిన పాదిరి ఉండడు. ప్రతి ఆదివారం విశ్వాసులే కూడి రొట్టె విరుస్తారు, పాత్రలోనిది పంచుకుంటారు. ఇంగ్లండులో ఇది నిరాడంబరమైన ఆరాధన మాత్రమే. దాహానికి నీళ్ళు సైతం దోసిలిలోకి ఎత్తి పోసే ఊళ్ళలో, ఎంగిలి పట్టింపు కులానికి కొలమానమైన చోట, ఒకరు తాగిన పాత్రను మరొకరు అందుకోవడం సామాజిక చర్య అయింది.

ఆతిథ్యానికి నేల కూడా కారణమే. పాయలు, లంకల నడుమ పడవ దాటి వచ్చిన బోధకుడు పొద్దుగూకితే ఆ పల్లెలోనే ఆగాలి. నిర్ణీత జీతం లేని సేవకునికి ఆ పూట భోజనమే సంఘం చేయూత. కూలిపని చేసుకునే ఇంట ఆ అదనపు కంచం చిన్న భారం కాదు.

ఈ సంఘాలలో అధికులు దళితులు. కనుక సహపంక్తి ప్రధానంగా పల్లెలోనే సాగింది. ఊరు ఆ పంక్తిలో కూర్చోవడం అరుదు. పల్లెల మధ్యనైనా అది సులభం కాలేదు: మాల, మాదిగల నడుమ కంచం పొత్తు తెలుగునాట అనేక మిషన్లకు చిక్కుముడిగానే మిగిలింది.